డిసెంబరు 24 రాత్రి ఏ వంట? గోదావరి డెల్టా ఇళ్ళకు ఒక ఎంపిక సలహా

క్రిస్మస్ మధ్యాహ్నం ఏం వండాలన్నది గోదావరి జిల్లాల్లో ఎవరూ అడగరు. పలావు, కోడికూర, పెరుగు చట్నీ, చివర్లో సేమ్యా పాయసం. కోనసీమ ఇళ్ళలో ఆ పలావులో కొబ్బరిపాలు పడతాయి. ఇందులో వాదించుకునేది ఏమీ లేదు. తర్జనభర్జనలన్నీ ముందురోజు సాయంత్రం గురించే.

ఇరవై నాలుగున ఇంట్లో పరిస్థితి తెలిసిందే. హైదరాబాదు రైలు దిగినవాళ్ళు తెల్లారేసరికి వచ్చేస్తారు. డాబా మీద స్టారుకు బల్బు వెలగడం లేదని ఒకరు నిచ్చెన వేస్తారు. పిల్లల కొత్త బట్టలు ఇంకా దర్జీ దగ్గరే ఉంటాయి. గుడికి పూలు కట్టే పని ఒకవైపు, క్యారల్స్ పాడుతూ వచ్చే సంఘంవాళ్ళకు టీలు మరోవైపు. వీటన్నిటి మధ్య ఉన్నది రెండు పొయ్యిలు, ఒక మనిషి. ఆ మనిషి చాలా ఇళ్ళలో అమ్మో, అత్తగారో, పెద్ద కోడలో.

అందుకే ఈ పోలికలో నా కొలమానం రుచి కాదు. మన వంటల్లో రుచిలేనిది ఏది? వండిన మనిషి స్నానం చేసి, చీర మార్చుకుని, మొదటి పాటకు ముందే గుడిలో కూర్చోగలగాలి. అది కుదరని వంట ఎంత గొప్పదైనా ఇరవై ఐదు మధ్యాహ్నానికి వాయిదా వేయండి. ఈ లెక్కన చూస్తే కొన్ని పాత అలవాట్లు నిలబడతాయి, కొన్ని నిలబడవు.

ముందు ఆరాధన వేళ చూసుకోండి

వంట కంటే ముందు తేలవలసింది ఇది. కథోలికుల ఇళ్ళలో అర్ధరాత్రి పూజ ఉంటుంది; పాటలు అంతకు చాలా ముందే మొదలవుతాయి, తిరిగి ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో కొన్నిచోట్ల సాయంత్రమే కొవ్వొత్తుల ఆరాధన జరుగుతుంది, కొన్నిచోట్ల ఇరవై ఐదు తెల్లవారుజామున నాలుగింటికో ఐదింటికో గంట కొడతారు. రాత్రంతా పాటలు, ప్రార్థనలు నడిపే సంఘాలూ ఉన్నాయి.

సాయంత్రం ఆరాధన అయితే తొమ్మిదింటికి అందరూ ఒకేసారి కూర్చుని తినవచ్చు. అన్నిటికంటే తేలిక ఇదే, ఏ వంటయినా పనికివస్తుంది. తెల్లవారుజాము ఆరాధన అయితే ముందురోజు రాత్రి త్వరగా పడుకోవాలి కాబట్టి గిన్నెలు తోమే పని తక్కువ ఉన్న వంట కావాలి. అర్ధరాత్రి ఆరాధన ఉన్నవాళ్ళది అసలైన చిక్కు: ఏడింటికి కొంచెం, ఒంటిగంటన్నరకు మరికొంచెం. రెండుసార్లు తినే ఇంట్లో రెండుసార్లు వండకూడదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతాదంతా చదవకపోయినా ఫరవాలేదు.

నాటుకోడి పులుసు: గారెలతోనా, అట్లతోనా?

డెల్టాలో పండుగ అంటే మొదట గుర్తొచ్చే జోడీ నాటుకోడి, గారెలు. సంక్రాంతికి ఎంతో క్రిస్మస్‌కూ అంతే. అలవాటును కాదనే ధైర్యం నాకు లేదు గానీ, ఈ జోడీని విడదీసి చూడాలి. ఎందుకంటే ఒకటి ఈ రాత్రికి చక్కగా సరిపోతుంది, రెండోది సరిపోదు.

సరిపోయేది కోడి. నాటుకోడి ముదురు మాంసం, నెమ్మదిగా ఉడకాలి. మామూలు గిన్నెలో గంట, గంటన్నర పడుతుంది. ఉడికాక నాలుగైదు గంటలు ఊరుకుంటే ఉప్పూకారం ముక్కకు పట్టి ఇంకా బాగుంటుంది. అంటే మధ్యాహ్నం పన్నెండింటికే పొయ్యి మీద నుంచి దించేయవచ్చు. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, రాత్రి తినేముందు కుతకుత ఉడికేలా మళ్ళీ కాస్తే చాలు. డిసెంబరు కదా, బయట పెట్టినా పాడవదని కొందరంటారు. మన డెల్టా చలి దుప్పటి కప్పుకునే చలే తప్ప ఫ్రిజ్ చలి కాదు. మాంసం కూర రెండు గంటలకు మించి బయట ఉంచవద్దు.

కొనేటప్పుడు ఒక లెక్క. రెండు కిలోలు తూగే కోడి శుభ్రం చేశాక కిలోన్నర కూడా రాదు. ఎనిమిది మందికి ఒక కోడి అనుకుంటే ముక్కల కోసం వెతుక్కోవాలి, పులుసు మాత్రం అందరికీ వస్తుంది. ఈకలు పీకించాక మంట మీద కాల్చి, పసుపు రాసి, కడిగి, అప్పుడు కొట్టించండి. ఆ కాల్చిన వాసన లేని నాటుకోడికి సగం ధర చాలు. మసాలాలో ధనియాలు, లవంగాలు, దాల్చినచెక్క, ఎండుకొబ్బరి, గసగసాలు అందరూ వేసేవే. ఈ మధ్య గసగసాల ధర చూసి కొందరు జీడిపప్పు ముద్ద కలుపుతున్నారు. పులుసు చిక్కబడుతుంది కానీ తీపి తిరుగుతుంది. గసగసాలు తగ్గించండి, జీడిపప్పు వేయకండి.

ఇక గారెలు. మినపప్పు నాలుగు గంటలు నానాలి. రుబ్బేటప్పుడు నీళ్ళు చిలకరించాలే తప్ప పోయకూడదు. చిటికెడు పిండి నీళ్ళలో వేస్తే తేలాలి, మునిగితే ఇంకా రుబ్బాలని అర్థం. ఉప్పు ముందే కలిపితే పిండి జారుతుంది కాబట్టి వేయించే ముందే కలపాలి. ఇవన్నీ తెలిసిన చెయ్యికి కష్టం కాదు. కష్టమల్లా మూకుడు దగ్గర నిలబడటం. గారె వేడిగా ఉంటేనే గారె. అరకిలో పప్పుకు దాదాపు ముప్పై గారెలు వస్తాయి. మూకుడుకు ఐదారు చొప్పున అవన్నీ దించేసరికి ముప్పావుగంట పైనే. అందరూ తింటుంటే ఒకరు వంటింట్లోనే ఉండిపోతారు. అర్ధరాత్రి పూజ నుంచి వచ్చి, పట్టుచీర మీద తువ్వాలు చుట్టుకుని, నిద్రకళ్ళతో సలసల కాగే నూనె ముందు నిలబడటం పండుగ కాదు, ప్రమాదం.

కాబట్టి సాయంత్రం ఆరాధన ఉన్న ఇళ్ళు గారెలు పెట్టుకోవచ్చు. అర్ధరాత్రి ఇళ్ళు కోడిపులుసును ఉంచుకుని గారెలకు బదులు అట్లు వేసుకోవాలి. మినపట్టు పిండి ముందురోజే తయారై ఉంటుంది, పెనం వేడెక్కితే నిమిషానికి ఒకటి దిగుతుంది. పైగా వంతులవారీగా ఎవరైనా వేయగలరు, పదో తరగతి మనవడితో సహా. గారె పులుసులో నానాలని పట్టుబట్టే పెద్దాయన ఉంటే, సాయంత్రం ఆరింటికే ఆయన వరకు ఓ పది గారెలు వేసి పులుసులో ముంచి ఫ్రిజ్‌లో ఉంచి, తినేముందు పులుసుతో పాటే కాచి పెట్టండి. నానిన గారెను మూకుట్లోంచి వేడివేడిగా దించి పెట్టే పనిలేదు.

చేపలు, రొయ్యలు

క్రిస్మస్ ముందురాత్రి చేప తినడం లోకంలో చాలాచోట్ల ఉన్న ఆచారమే. పోలండులో ఆ రాత్రి ఆకాశంలో మొదటి నక్షత్రం కనబడ్డాక భోజనానికి కూర్చుంటారు. బల్ల మీద పన్నెండు రకాలు ఉండటం అక్కడి సంప్రదాయం, వాటిలో మాంసం ఉండదు, చేప ఉంటుంది. అనుకోని అతిథి కోసం ఒక కంచం ఖాళీగా వేసి ఉంచుతారు. ఇటలీలోనూ ఆ రాత్రి చేపలదే. ఇదంతా పాత కథోలిక నియమం వల్ల వచ్చింది. పండుగ ముందురోజు ఉపవాసం ఉండాలి, మాంసం ముట్టకూడదు అని ఉండేది. 1966లో పోపు ఆరవ పౌలు ఉపవాస నియమాలను సడలించాక ఆ కట్టుబాటు పోయింది, అలవాటు మిగిలింది. కేరళలో సిరియన్ క్రైస్తవులు క్రిస్మస్‌కు ముందు ఇరవై ఐదు రోజులు నోము పడతారు, పండుగనాడు మాంసంతో విడుస్తారు.

మన డెల్టా దారి వేరు. నరసాపురం వైపు 1830ల్లో వచ్చిన బ్రదరన్ మిషనరీలు, రాజమండ్రిలో లూథరన్లు, 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టులు, వీళ్ళ సంఘాల్లో అటువంటి నియమం లేదు. అందుకే ఇరవై నాలుగున మన ఇళ్ళలో కోడి కోసినా ఎవరూ నొసలు చిట్లించరు. చేప వండినా అది నియమం కోసం కాదు, పక్కనే గోదావరి, కాలువలు, చెరువులు, సముద్రం ఉన్నాయి కాబట్టి.

ఈ రాత్రికి చేపల పులుసు అన్ని మాంసాహారాల్లోకీ తెలివైన ఎంపిక అని నా అభిప్రాయం. పొద్దున తొమ్మిదింటికి మట్టి దాకలో పెట్టేస్తే పదిన్నరకు అయిపోతుంది. చింతపండు పులుసు ముక్కలోకి దిగేకొద్దీ రుచి పెరుగుతుంది. మళ్ళీ వేడి చేసేటప్పుడు గరిటె పెట్టకుండా దాక అంచులు పట్టుకుని కుదిపితే ముక్క చెదరదు. వేడి అన్నం ఒక్కటి వండుకుంటే రాత్రి భోజనం సిద్ధం.

ఏ చేప కొనాలి? భీమవరం, ఆకివీడు వైపు చెరువు చేపలు కావలసినన్ని, శీలావతి, బొచ్చె తేలిగ్గా దొరుకుతాయి. నరసాపురం, అంతర్వేది, కాకినాడ తీరాలకు దగ్గర ఉంటే చందువ, పండుగప్ప చూడండి. కొర్రమీనుకు ముళ్ళు తక్కువ, ధర ఎక్కువ. డిసెంబరులో ఎవరైనా పులస అని అమ్మితే నవ్వి ముందుకు నడవండి. పులస వరదనీటికి ఎదురెక్కి గోదావరిలోకి వచ్చేది జూలై నుంచి సెప్టెంబరు దాకానే. క్రిస్మస్‌కు దొరికేది ఐసులో దాచినదో, సముద్రపు ఇలసో.

చేపకున్న ఒకే ఒక్క లోపం ముళ్ళు. తొమ్మిదింటికి తినే ఇంట్లో అది లోపం కాదు. ఒంటిగంటకు నిద్రమత్తులో ఉన్న నాలుగేళ్ళ పిల్లకు శీలావతి ముక్క పెట్టకూడదు, అంతే. అర్ధరాత్రి ఇళ్ళవాళ్ళు చేపను ముందు పూట, అంటే ఏడింటి పూటకు పెట్టుకుంటే సరిపోతుంది.

రొయ్యల సంగతి పూర్తిగా వేరు. ముందే వండితే పాడుచేసుకున్నట్టే. పసుపు, ఉప్పు వేసి వాటి నీరు వాటిలోనే ఇగరనిచ్చాక, ఉల్లిపాయ, మసాలా వేగిన మూకుట్లో పడితే ఐదారు నిమిషాల్లో వంట ముగుస్తుంది. రెండోసారి వేడి చేస్తే సాగుతాయి. ఒలిచి, నరం తీసి, కడిగి పెట్టుకునే పని మధ్యాహ్నమే చేసుకోగలిగితే, గుడి నుంచి రాగానే చేయదగ్గ వంటల్లో ఇంత వేగంగా అయ్యేది ఇంకోటి లేదు. చింతచిగురు రొయ్యలు కావాలని మాత్రం అడగకండి, చింతచిగురు వేసవి సరుకు. ఈ నెలలో వంకాయ ఉంది, గోంగూర ఉంది.

బిర్యానీ

పాతికేళ్ళలోపు వాళ్ళను అడిగితే ఇరవై నాలుగు రాత్రికి బిర్యానీ అంటారు. నేను వద్దంటాను. కారణం ఒక్కటే: మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ పలావే. పదమూడు గంటల్లో రెండుసార్లు మసాలా అన్నం తింటే రెండోది ఎవరికీ ఎక్కదు, ఆ రెండోదే అసలు పండుగ భోజనం.

అయినా తప్పదంటే ఇంట్లో దమ్ము పెట్టకండి. కిలో బియ్యానికి కిలో పావు మాంసం చొప్పున పదిమందికి చేయాలంటే వేరే పని ఏదీ పెట్టుకోకుండా గంటన్నర పొయ్యి దగ్గరే ఉండాలి. కొనుక్కురావడమే నయం. కొనేదయితే పొద్దునే చెప్పి ఉంచండి, తినే వేళకే తెచ్చుకోండి. ఏడింటికి తెచ్చిన పొట్లాలు ఒంటిగంట దాకా బల్ల మీద ఉంచి తినడం అంటే కడుపునొప్పిని కోరి పిలవడం. అన్నం కూడా నిలవ ఉంటే చెడేదే, చాలామంది కూరను ఫ్రిజ్‌లో పెట్టి అన్నాన్ని వదిలేస్తారు.

మాంసం లేని సాయంత్రం

పెద్దవాళ్ళలో కొందరు ఇరవై నాలుగున ఉపవాస ప్రార్థనలో ఉంటారు. మరికొందరు పండుగ దాకా మాంసం ఆపుతారు. ఇంకొన్ని ఇళ్ళలో మర్నాటి వంట కోసం వంటింటికి విశ్రాంతి ఇస్తారు. కారణం ఏదైనా, మాంసం లేని ముందురాత్రికి డెల్టాలో ఒక అద్భుతమైన పలహారం ఉంది. దాన్ని పండుగ వంటగా ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. దిబ్బరొట్టె.

ఒక గ్లాసు మినపప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ. పప్పు నానబెట్టి మెత్తగా రుబ్బి, కడిగి పిండిన రవ్వ కలిపి, కొన్ని గంటలు ఊరనివ్వాలి. అడుగు మందంగా ఉన్న ఇనప మూకుట్లో నూనె వేసి, కాగాక రెండంగుళాల మందాన పిండి పోసి, మూత పెట్టి, మంట బాగా తగ్గించి వదిలేయాలి. ఇరవై నిమిషాల పైనే పడుతుంది. ఈలోగా మీరు స్నానం చేసి రావచ్చు, పిల్లలకు జడలు వేయవచ్చు. మూత తీసేసరికి అంచులు మూకుడును వదిలి, పక్కలు ఎర్రగా కనబడతాయి. తిరగేసి ఇంకో పది నిమిషాలు. కింద గట్టి పెచ్చు, లోపల దూదిలాంటి మెత్తదనం. పాలకొల్లు, నరసాపురం వైపు హోటళ్ళలో తిన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. పిల్లలకు బెల్లం పానకంతో, పెద్దలకు ఆవకాయతో, ఇంకెవరికైనా కొబ్బరి పచ్చడితో. ఒక్క రొట్టెతో ముగ్గురి నోళ్ళూ మూయించవచ్చు.

ఇది నా కొలమానానికి నూటికి నూరుపాళ్ళూ తూగే వంట. వండుతుంటే దగ్గర ఉండనక్కరలేదు, చల్లారినా తినవచ్చు, తోమాల్సింది ఒక్క మూకుడే. తెల్లవారుజామున లేవాల్సిన ఇళ్ళకు ఇంతకంటే మంచి రాత్రి భోజనం నాకు తోచడం లేదు. పక్కన ఒక గిన్నెడు పులిహోర కలిపి పెట్టుకుంటే పొద్దున గుడికి వెళ్ళేముందు పిల్లల కడుపుకూ ఆధారం. అది రాత్రంతా నిలవ ఉండాలంటే చింతపండు పులుసు గట్టిగా పట్టాలి, నిమ్మకాయది పనికిరాదు.

రోజంతా ఉపవాసం ఉన్నవాళ్ళకు ఒక మాట. అర్ధరాత్రి ఆరాధన ముగిశాక నేరుగా కోడిపులుసు మీద పడకండి. ముందు పల్చని మజ్జిగో, గోరువెచ్చని గంజో తాగి పావుగంట ఆగండి. షుగరు మందులు వాడేవాళ్ళు ఉపవాసం విషయం ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

క్యారల్స్ వాళ్ళకు: కేకా, అరిసెలా?

భోజనం ఇంటివాళ్ళది. పలహారం మాత్రం వచ్చేపోయేవాళ్ళది. సంఘం పిల్లలు డప్పు, గిటారు, తంబురలతో పాతిక ముప్పై మంది ఒకేసారి గుమ్మంలోకి వస్తారు. ఎప్పుడొస్తారో చెప్పలేం. పదింటికని కబురు చేసి రెండింటికి తలుపు తడతారు.

కేకు సులువు. కొనేస్తే అయిపోయింది. కొనేటప్పుడు క్రీము కేకు వద్దు, ప్లమ్ కేకు తీసుకోండి. క్రీముది చల్లగా ఉండాలి, ఇంతమంది వచ్చే రాత్రి ఫ్రిజ్‌లో దానికి చోటు ఉండదు. ఎండుపళ్ళు దట్టించిన కేకు డబ్బాలో వారాల తరబడి ఉంటుంది. మనదేశంలో క్రిస్మస్ కేకు కథ 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబళ్ళి బాపు బేకరీతో మొదలైందని చెబుతారు. మన పల్లెలకు అది చేరేదాకా ఆ స్థానం అరిసెదే. నా దృష్టిలో ఇప్పటికీ అరిసెదే.

పైగా కాలం కూడా కలిసివస్తుంది. సార్వా కోతలు అయ్యి, నూర్పిళ్ళు ముగుస్తున్న రోజులు, కొత్త బియ్యం ఇంటికి వచ్చి ఉంటాయి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బియ్యం ఒక రోజంతా నానాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి. వడకట్టి గుడ్డ మీద ఆరబోస్తే చేతికి తడి అంటకూడదు, గింజలో చెమ్మ మాత్రం ఉండాలి. ఆ తడి ఆరకముందే మర పట్టించి, జల్లించి, అణిచి మూతపెట్టుకోవాలి. అసలు పరీక్ష పాకం. గిన్నెడు చల్లని నీళ్ళలో రెండు చుక్కలు వేసి వేళ్ళతో దగ్గరకు తీస్తే మెత్తని ఉండ కట్టాలి. ఆ ఉండ వేళ్ళ మధ్య నొక్కితే అణగాలి, తీగలా సాగిపోకూడదు. లేతపాకం అయితే అరిసె నూనెలో విచ్చిపోతుంది. ముదిరితే మర్నాటికి పంటితో పోరాటం. ముదిరిందని తెలిసిన వెంటనే అరిసెలు మానేసి అదే చలిమిడితో పోకుండలు చేసేయండి, ఎవరికీ తెలియదు.

అరిసెలకు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ఆకు మీద తట్టాలి, ఒకరు వేయించి రెండు చెక్కల మధ్య నూనె పిండాలి. ఈ పని ఇరవై నాలుగున పెట్టుకోవడం అవివేకం. ఇరవై, ఇరవై ఒకటి తేదీల్లో చేసి గాలి తగలని డబ్బాలో పెడితే కొత్త సంవత్సరం దాటేదాకా ఉంటాయి. సంక్రాంతికి కూడా సరిపోతాయని ఒకేసారి ఎక్కువ చేయకండి. మూడు వారాలకు గట్టిపడతాయి, పైగా సంక్రాంతికి ఇరుగుపొరుగు ఎలాగూ పంపుతారు.

చేయలేకపోతే కొనండి, తప్పేమీ లేదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే పూతరేకుకు గాలి తగిలితే మెత్తబడుతుంది, ముప్పై మంది చేతుల్లో పొడి రాలుతుంది. అది ఇంటికి వచ్చిన బంధువులకు, కూర్చోబెట్టి పళ్ళెంలో పెట్టేందుకు. క్యారల్స్ గుంపుకు తాపేశ్వరం మడతకాజా మేలు, చేతిలో పట్టుకుని నడుస్తూ తినవచ్చు.

ఇంతకీ ఆ పాడేవాళ్ళ వైపు నుంచి కూడా ఆలోచించాలి కదా. వాళ్ళు అప్పటికే పది ఇళ్ళలో కేకు తిని ఉంటారు. తీపి పళ్ళెం చూడగానే మొహమాటంగా ఒక ముక్క తీసుకుని జేబులో వేసుకుంటారు. అదే వేడిగా మిరియాల పాలో, అల్లం టీనో ఇచ్చి, పక్కన జంతికలు, చేగోడీలు పెట్టి చూడండి. పళ్ళెం ఖాళీ అవుతుంది, గొంతు సర్దుకుని ఇంకో పాట కూడా పాడి వెళ్తారు. కేకు, అరిసె రెండూ ఉన్నా ముందుకు తేవాల్సింది కారం డబ్బా.

ఏ ఇంటికి ఏది

అర్ధరాత్రి పూజకు వెళ్ళే పెద్ద కుటుంబం: ఏడింటికి చేపల పులుసు, అన్నం. తిరిగి వచ్చాక అట్లు, పొద్దున వండి ఉంచిన కోడిపులుసు. రెండు కూరలూ మధ్యాహ్నంలోపే అయిపోతాయి కాబట్టి ఇది వినడానికి ఉన్నంత పని కాదు.

సాయంత్రమే ఆరాధన ముగిసే ఇల్లు: ఇష్టం ఉన్నది వండుకోండి. నాటుకోడి, గారెలకు ఇదే సరైన చోటు. మూకుడు దగ్గర మనిషి మారుతూ ఉండాలన్నదే షరతు.

తెల్లవారుజామున లేచే ఇల్లు: దిబ్బరొట్టె. ఇంకో మాట లేదు.

ఇద్దరే ఉండే పెద్దవాళ్ళు: పిల్లలు రాని ఏడాది కూడా పండుగే. అరకిలో రొయ్యలు తెచ్చుకుని వంకాయతో ఇగురు పెట్టుకోండి. పావుగంట పని. కోడి తెస్తే మూడు రోజులు అదే తినాలి.

కువైట్‌లోనో దుబాయిలోనో మనిషి ఉన్న ఇల్లు, కోనసీమలో ఇటువంటివి వీధికి ఎన్నో: అక్కడివాళ్ళు పని ముగించుకుని ఫోనులో కనబడే వేళను బట్టి భోజనం పెట్టుకోండి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. మనకు తొమ్మిదిన్నర అంటే అక్కడ ఏడు. వండిన గిన్నెలు మూతలు తీసి చూపించమని అడుగుతారు, కాబట్టి ఆ రోజు వాళ్ళకు ఇష్టమైన కూర ఒక్కటైనా ఉండాలి. ఏది వండాలో ముందురోజే వాళ్ళనే అడిగితే ఈ పోలికలతో పనే లేదు.

ఇక పక్కింటికి పంపే పళ్ళెం. దీని గురించి వేరుగా చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే డిసెంబరు నెలలో మన వీధుల్లో సగం మంది ఏదో ఒక నియమంలో ఉంటారు. ధనుర్మాసం నడుస్తుంటుంది, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు ఉంటారు. మాంసం పంపకూడదన్నది అందరికీ తెలుసు. కేకులో గుడ్డు ఉంటుందన్నది మాత్రం మరిచిపోతుంటారు. అరిసెలు, జంతికలు అయితే చాలామందికి అభ్యంతరం ఉండదు. మాలలో ఉన్నవాళ్ళు బయట వండినది ముట్టరు కాబట్టి, ఆ ఇంటికి వండిన వస్తువు ఏదీ పంపకుండా ఒక అత్తం చక్రకేళీలు పంపండి. రావులపాలెం మార్కెట్లో ఇరవై మూడునే తెచ్చి ఉంచుకుంటే పండుగనాటికి సరిగ్గా ముగ్గుతాయి.